నెల చందా లేని డీటీహెచ్: రిసెప్షన్ వైపు నుంచి డీడీ ఫ్రీ డిష్ సమీక్ష

ప్రసార భారతి 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ అనే పేరుతో ప్రారంభించిన ఉచిత డీటీహెచ్ సేవ ఇప్పుడు డీడీ ఫ్రీ డిష్‌గా అందరికీ తెలుసు. డిష్, దాని ముందు ఉండి సిగ్నల్‌ను అందుకునే ఎల్‌ఎన్‌బీ, సెట్‌టాప్ బాక్స్, కేబుల్ ఒకసారి కొనుక్కుంటే ఆ తర్వాత రీఛార్జి అన్న మాటే ఉండదు. మా ఇంట్లోనూ, నల్లగొండ జిల్లాలోని మా బంధువుల ఇళ్లలోనూ ఈ సేవను చాలా ఏళ్లుగా చూస్తున్నాను. దీని గురించి వచ్చే అభిప్రాయాలన్నీ ఏ ఛానెల్ కొత్తగా చేరింది, ఏది వెళ్లిపోయింది అన్న దగ్గరే ఆగిపోతుంటాయి. కానీ ఈ సేవను వదులుకున్న ఇళ్లలో ఎక్కువమంది చెప్పే కారణం ఛానెళ్లు కాదు. సిగ్నల్ నిలవడం లేదన్నదే. అందుకే ఈ సమీక్షలో రిసెప్షన్‌కే, అంటే సిగ్నల్ అందుకోవడానికే, పెద్దపీట వేశాను.

నా తీర్పు ముందే చెబుతాను. ఆకాశం నుంచి వచ్చే సిగ్నల్‌కు ఏ వంకా పెట్టలేము. డాబా మీద డిష్ నుంచి హాల్లో బాక్స్ దాకా ఉన్న ఆ కొద్ది మీటర్ల దూరంలో జరిగే పనికి మాత్రం సగం మార్కులు ఇవ్వడం కూడా కష్టం. చందా కట్టే డీటీహెచ్‌లో బొమ్మ ఆగిపోతే ఫోన్ చేస్తే మనిషి వస్తాడు. ఇక్కడ బాక్సును బజారులో కొంటాము, బిగించే మనిషిని మనమే వెతుక్కుంటాము, ఆ మనిషి డబ్బు తీసుకుని వెళ్లిపోయాక సిగ్నల్ బాగోగులు చూసుకోవలసింది ఇంటివారే. కాబట్టి ఈ సేవ మంచిదా కాదా అన్న ప్రశ్నకు జవాబు, ఇంట్లో ఒక్కరికైనా దాని రిసెప్షన్ సంగతి తెలుసా లేదా అన్నదాని మీద ఆధారపడి ఉంది. తెలుసుకోవలసినది మరీ ఎక్కువేమీ లేదు.

ఫ్రీ డిష్ ఛానెళ్లు 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్న జీశాట్-15 ఉపగ్రహం నుంచి కేయూ బ్యాండ్‌లో (డీటీహెచ్‌కు వాడే పౌనఃపున్యాల శ్రేణి) వస్తాయి. ఇస్రో తయారుచేసిన ఈ ఉపగ్రహాన్ని 2015 నవంబరు 11 తెల్లవారుజామున ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఏరియన్-5 రాకెట్ కక్ష్యలోకి చేర్చింది. హైదరాబాదు నుంచి చూస్తే అది ఉత్తరం నుంచి సవ్యదిశలో సుమారు 138 డిగ్రీల వైపు, నేల నుంచి దాదాపు 63 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. అంటే వంటిల్లు ఉండాలని మన పెద్దలు చెప్పే ఆగ్నేయ మూలే డిష్ చూడవలసిన దిక్కు. విజయవాడలో అది 141 డిగ్రీలు, ఎత్తు 65కు కొంచెం పైన. విశాఖపట్నంలో 149 డిగ్రీలు, ఎత్తు 66. కోస్తాలో పైకి వెళ్లేకొద్దీ డిష్ దక్షిణానికి ఇంకొంచెం తిరగాలి. ఫోన్‌లోని దిక్సూచితో దిక్కు చూసుకునేవారు ఇనుప గొట్టానికి, నీళ్ల ట్యాంకు స్టాండుకు నాలుగడుగులు దూరంగా నిలబడి చూసుకోవాలి. ఇనుము దగ్గర దిక్సూచి తప్పు చెబుతుంది.

ఎత్తు విషయంలో చాలామందిని తికమక పెట్టే సంగతి ఒకటి ఉంది. ఇళ్ల మీద మనం చూసే చిన్న డిష్‌లు ఆఫ్‌సెట్ రకానివి. వాటి ముఖం ఎటు చూస్తున్నట్టు కనిపిస్తుందో, సిగ్నల్ నిజంగా అంతకంటే సుమారు 25 డిగ్రీలు ఎత్తు నుంచి వస్తుంది. డిష్ ఎదుటి ఇంటి పిట్టగోడను చూస్తున్నట్టు కనిపించినా అది పైనున్న ఆకాశాన్నే చూస్తుంటుంది. ఇది తెలియక డిష్‌ను అవసరం లేకుండా పొడవాటి గొట్టం మీదికి ఎక్కించేవారు ఉన్నారు. గొట్టం ఎంత పొడవైతే ఈదురుగాలికి అంత ఊగుతుంది. అసలు అడ్డు చూసుకోవలసింది ఆగ్నేయంలో, దగ్గరగా, బాగా ఎత్తుగా ఉన్న వాటిని. కొబ్బరిచెట్టు, వేపచెట్టు, కొత్తగా లేచిన పై అంతస్తు లాంటివి. డిష్ బిగించిన నాటికి లేని కొమ్మ రెండు వానాకాలాలు గడిచేసరికి అడ్డొస్తుంది. వేసవిలో ఆకు రాలినప్పుడు బాగా వచ్చిన బొమ్మ చిగుళ్లు వేశాక తడబడుతుంటే, బాక్సును తిట్టే ముందు చెట్టు వైపు చూడాలి.

పాత యాంటెన్నా రోజుల్లో సిగ్నల్ తగ్గేకొద్దీ తెరమీద చుక్కలు పెరిగేవి. చూస్తూనే అర్థమయ్యేది, ఎవరో ఒకరు డాబా ఎక్కి గొట్టం తిప్పేవారు. డిజిటల్ ప్రసారంలో ఆ హెచ్చరిక లేదు. సిగ్నల్ నాణ్యత బొటాబొటీగా ఉన్నా బొమ్మ అద్దంలా వస్తుంది. అక్కడినుంచి కాస్త తగ్గితే గళ్లు గళ్లుగా విరిగి, ఇంకాస్త తగ్గితే పూర్తిగా పోతుంది. ఈ రిసెప్షన్ సమస్యలన్నింటికీ మూలం ఇదేనని నా నమ్మకం. బిగించిన మనిషి తెరమీద బొమ్మ చూపించి పని అయిపోయిందంటాడు, మనమూ సరేనంటాము. ఆ బొమ్మ అంచు మీద నిలబడి వస్తోందో, దిట్టంగా వస్తోందో ఆ క్షణాన బొమ్మను చూసి చెప్పడం ఎవరివల్లా కాదు.

దాన్ని చెప్పేవి బాక్స్ మెనూలో ఉండే రెండు గీతలు. ఒకటి స్ట్రెంత్, రెండోది క్వాలిటీ. డిష్ ఎటు తిరిగి ఉన్నా ఎల్‌ఎన్‌బీకి కరెంటు అంది అది పనిచేస్తుంటే స్ట్రెంత్ గీత ఎంతో కొంత చూపిస్తుంది, కాబట్టి ఒక్క దాన్నే చూసి సంతోషించకూడదు. మనకు కావలసిన ఉపగ్రహాన్ని, మనకు కావలసిన ట్రాన్స్‌పాండర్‌ను (కొన్ని ఛానెళ్లను కలిపి పంపే ఉపగ్రహంలోని ప్రసార పరికరం) బాక్స్ పట్టుకున్నప్పుడే క్వాలిటీ గీత లేస్తుంది. రెండూ సున్నా అయితే తప్పు కేబుల్‌లోనో, పిన్నులోనో, ఎల్‌ఎన్‌బీలోనో వెతకాలి. స్ట్రెంత్ ఉండి క్వాలిటీ లేకపోతే డిష్ కదిలిందనో, మెనూలో ఎల్‌ఎన్‌బీ అంకెలు మారాయనో అర్థం. రెండూ ఉండి క్వాలిటీ ఊగిసలాడుతుంటే పిన్ను వదులుగా ఉందేమో, డిష్ గాలికి కదులుతోందేమో చూడాలి. ఈ శాతాలు ఒక్కో కంపెనీ బాక్సులో ఒక్కో రకంగా ఉంటాయి. పక్కింటి బాక్స్ అంకెతో మన అంకెను పోల్చడం వృథా. బిగించిన రోజు, ఎండ కాస్తున్నప్పుడు, మన బాక్సులో వచ్చిన క్వాలిటీ అంకెను బాక్స్ అడుగున కాగితం అంటించి రాసిపెట్టుకుంటే, తర్వాత ఏ సమస్య వచ్చినా కొలుచుకోవడానికి అదే ఆధారం.

మెనూలో చూడవలసిన అంకెలు కొన్నే. ఎల్‌ఎన్‌బీ రకం యూనివర్సల్ అని, దాని అంకెలు 9750, 10600 అని ఉండాలి. పరీక్షకు 11090 మెగాహెర్ట్జ్, నిలువు ధ్రువణం, సింబల్ రేటు 29500 అని పెట్టి చూడవచ్చు. 11170కీ అదే ధ్రువణం, అదే సింబల్ రేటు. ఇంట్లో పిల్లలు ఫ్యాక్టరీ రీసెట్ నొక్కినప్పుడు ఈ అంకెలు మారిపోయి, డిష్ నిక్షేపంగా ఉన్నా బొమ్మ పోవడం నేను చూశాను. పానా పట్టుకుని డాబా ఎక్కే ముందు మెనూ చూడటం అందుకే మేలు.

డిష్‌ను తిప్పవలసి వస్తే ఎంత ఓపికగా తిప్పాలో ఒక లెక్క చెబుతుంది. 60 సెంటీమీటర్ల డిష్ ఈ పౌనఃపున్యం దగ్గర చూడగల వెడల్పు మొత్తం మూడు డిగ్రీలు. ఒకటిన్నర డిగ్రీ పక్కకు జరిగితే సిగ్నల్ శక్తి సగానికి సగం పడిపోతుంది. అంత జరగడానికి డిష్ అంచు 8 మిల్లీమీటర్లు కదిలితే చాలు. కోతి ఒక్కసారి ఎక్కి కూర్చున్నా, బట్టలారేసే తాడును డిష్ గొట్టానికి కట్టినా, నాలుగు బోల్టుల్లో ఒకటి తుప్పుపట్టి వదులైనా జరిగిపోయేది అంతే. తెలంగాణ పల్లెల్లో కోతుల బెడద తెలిసినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. డిష్ అడుగు పలకను పెంకుటింటి వాసాలకో, రేకులకో కాకుండా సిమెంటు శ్లాబుకో గోడకో నాలుగు బోల్టులతోనూ బిగించాలి. కోతులు ఎక్కువగా ఉన్నచోట డిష్‌ను పిట్టగోడ లోపలివైపు, వీలైనంత కిందుగా పెట్టడం మా అనుభవంలో బాగా పనిచేసింది.

తిప్పేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. 93.5 డిగ్రీలకు పక్కనే 95 డిగ్రీల దగ్గర వేరొక డీటీహెచ్ కంపెనీ వాడుకునే ఉపగ్రహం ఉంది. తొందరలో తిప్పే మనిషికి అది దొరికినా ఏదో సిగ్నల్ వచ్చినట్టే ఉంటుంది, ఛానెళ్లు మాత్రం రావు. వాళ్ల పాత డిష్‌నే వాడుకుందామని ఫ్రీ డిష్ బాక్స్ తగిలించినప్పుడూ ఇదే జరుగుతుంది: అంతా సరిగానే ఉన్నట్టుంటుంది, క్వాలిటీ లేవదు. దిక్కు, ఎత్తు కుదిరాక ఎల్‌ఎన్‌బీని దాని పట్టీలో మెల్లగా అటూ ఇటూ తిప్పి, క్వాలిటీ ఎక్కడ అత్యధికంగా ఉందో అక్కడ బిగించాలి. ఈ చివరి పనిని చాలామంది మెకానిక్‌లు అసలు చెయ్యరు. అది చేసినందువల్ల పెరిగే ఆ కాస్త క్వాలిటీయే వానలో బొమ్మను నిలబెడుతుంది.

ఇక కేబుల్, పిన్నులు. నేను చూసిన పాడైన సిగ్నళ్లలో ఎక్కువ వాటికి కారణం ఇక్కడే దొరికింది. మండల కేంద్రంలోని ఒక దుకాణంవారు మా బంధువుల ఇంట్లో బిగించిన డిష్‌కు కేబుల్ చాలకపోతే మధ్యలో రెండు ముక్కల తీగలను చేత్తో మెలిపెట్టి, పైన టేపు చుట్టి వెళ్లారు. ఎండాకాలమంతా బాగానే వచ్చింది. తొలకరి పడగానే టేపులోకి నీరు దిగి సిగ్నల్ పోయింది. ఆరాక మళ్లీ వచ్చింది. ఇంటివారు చివరిదాకా ఉపగ్రహమే వానకు పనిచేయడం లేదనుకున్నారు. వాన వెలిశాక గంటలకొద్దీ సిగ్నల్ రాకపోతే అది మబ్బు వల్ల కాదు, ఎక్కడో నీరు చేరిందనడానికి గుర్తు. డిష్‌కు వాడే ఆర్‌జీ-6 రకం కేబుల్ అతుకులు లేకుండా ఒకటే ముక్కగా వెయ్యాలి. అతుకు తప్పనిసరి అయితే దానికోసం దొరికే జాయింటు పిన్ను వాడి, నీరు చేరకుండా ఇంటి లోపల పెట్టాలి. డాబా మీది పిన్నులోంచి నీరు కేబుల్ లోపలి సన్న తీగల జాలీ వెంట పాకుతూ బాక్స్ దాకా దిగిన సందర్భాలు ఉన్నాయి. అందుకే ఎల్‌ఎన్‌బీ దగ్గరా, ఇంట్లోకి వచ్చే చోటా కేబుల్‌ను కిందికి ఒక వంపు తిప్పాలి, నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. పిన్ను బిగించేటప్పుడు పై జాలీలోని ఒక్క పోగు మధ్య తీగకు తగిలినా షార్టే. చాలా బాక్సులు తెరమీద ఎల్‌ఎన్‌బీ షార్ట్ అని చూపిస్తాయి కూడా.

సెల్ టవర్ వల్ల డిష్ పనిచేయడం లేదని ఊళ్లలో తరచూ వినిపిస్తుంది. డిష్ అందుకునే 11 గిగాహెర్ట్జ్‌కూ టవర్‌కూ సంబంధం లేదు. అయితే ఎల్‌ఎన్‌బీ ఆ సిగ్నల్‌ను 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ మధ్యకు దించి కేబుల్‌లోకి పంపుతుంది. మొబైల్ ఫోన్లు వాడే 1800, 2100 బ్యాండ్లు సరిగ్గా ఆ మధ్యనే ఉన్నాయి. జాలీ పలచగా ఉన్న చవక కేబుల్, వదులు పిన్ను ఉంటే టవర్‌కు ఆనుకుని ఉన్న ఇళ్లలో ఒకటి రెండు ట్రాన్స్‌పాండర్లలోని ఛానెళ్లు మాత్రమే దెబ్బతినే అవకాశం ఉంది. మందు మంచి కేబులే. మీటరుకు నాలుగైదు రూపాయలు మిగుల్చుకోవడానికి ఇది చోటు కాదని గట్టిగా చెప్పదలచుకున్నాను.

ఎల్‌ఎన్‌బీ మూతి మీద ఉండే ప్లాస్టిక్ మూత ఎండకు పెళుసై పగులుతుంది. పగిలిన మూతలోంచి నీరు పోతుంది, కందిరీగలు గూడు పెడతాయి. ఏడాదికొకసారి దాన్ని చూడటం మంచిది; పగిలితే ఎల్‌ఎన్‌బీ మార్చడమే దారి, పెద్ద ఖర్చూ కాదు. రెండు టీవీలకు ఒక్క ఎల్‌ఎన్‌బీ నుంచి మామూలు కేబుల్ టీవీ స్ప్లిట్టర్ పెట్టి రెండు బాక్సులకు ఇస్తే రెండూ ఒకదానికొకటి అడ్డుపడతాయి. రెండు పోర్టులున్న ఎల్‌ఎన్‌బీ తెచ్చి ఒక్కో బాక్సుకు ఒక్కో కేబుల్ వెయ్యాలి.

వాన సంగతి వేరుగా చెప్పాలి, ఈ సేవ మీద వచ్చే ఫిర్యాదుల్లో పెద్దది ఇదే కాబట్టి. కేయూ బ్యాండ్ తరంగదైర్ఘ్యం రెండున్నర సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. దట్టమైన వాన చినుకులు ఆ శక్తిని మింగేస్తాయి, చెదరగొడతాయి. కుండపోత వానకు కాసేపు బొమ్మ పోవడం చందా కట్టే డీటీహెచ్‌లోనూ ఉన్నదే. ముసురుకు పోతే మాత్రం అది మన డిష్ తప్పు. రోజంతా ముసురుపట్టినా బొమ్మ చెక్కుచెదరక, ఉరుముల వానలో మాత్రమే పది నిమిషాలు ఆగితే ఆ ఇంటి డిష్ బాగా కుదిరినట్టు. సన్న జల్లుకే గళ్లు పడుతుంటే క్వాలిటీ అంచు మీద ఉందని, డిష్‌ను సరిచేయాలని అర్థం. కోస్తాలో వాన ఉధృతి ఎక్కువగా ఉండే ఊళ్లవారు 60 బదులు 90 సెంటీమీటర్ల డిష్ పెట్టుకుంటే తేడా స్పష్టంగా తెలుస్తుంది. సిగ్నల్‌ను పట్టే వైశాల్యం రెండింతలు దాటుతుంది. పెద్ద డిష్ చూపు ఇంకా సన్నగా ఉంటుంది కనుక బిగింపు మరింత గట్టిగా ఉండాలి. ఉరుములు మొదలైతే బాక్స్ ప్లగ్గుతో పాటు డిష్ కేబుల్‌ను కూడా విప్పడం మరవకూడదు.

వానలేని రోజున, ఎండ ఫెళ్లున కాస్తుండగా ఉదయం పదకొండు గంటల ప్రాంతంలో కొద్ది నిమిషాలు సిగ్నల్ పోయి దానంతట అదే రావడం మార్చి రెండో వారంలోనూ, సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లోనూ కొన్ని రోజులు జరుగుతుంది. అప్పుడు సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు, సూర్యుడి రేడియో రొద డిష్‌లో నిండిపోతుంది. దానికి డిష్‌ను ముట్టుకోకూడదు. ముట్టుకున్నవారు ఉన్న సిగ్నల్‌నూ పోగొట్టుకుంటారు.

బాక్స్ కొనేవారు ఎంపెగ్-4 (బొమ్మను కుదించి పంపే కొత్త పద్ధతి) బాక్సునే అడిగి తీసుకోవాలి. పాత ఎంపెగ్-2 బాక్సులు ఇప్పటికీ కొన్ని ఛానెళ్లు చూపిస్తాయి కనుక దుకాణాల్లో చవకగా అంటగడుతుంటారు. కొత్త పద్ధతిలో వచ్చే ఛానెళ్లు వాటిలో తెరుచుకోవు, అది సిగ్నల్ లోపమని ఇంటివారు పొరబడతారు. ఛానెళ్లు స్థానాలు మారినప్పుడల్లా ఆటో స్కాన్ చేయాలి. క్వాలిటీ బాగున్న సమయంలోనే స్కాన్ చేయాలి, లేకపోతే ఉన్నవీ జాబితాలోంచి పోతాయి. బాక్స్ దానంతట అదే ఆగి మొదలవుతుంటే ముందు అడాప్టర్‌ను అనుమానించాలి. కరెంటు ఎక్కువతక్కువలు ఉండే ఊళ్లలో మొదట పోయేది అదే.

ఈ సేవలో నాకు నిజంగా అసంతృప్తి కలిగించేవి రెండు. ప్రైవేటు ఛానెళ్లకు స్థానాలను ఈ-వేలంలో ఇస్తారు, వేలంలో హిందీ ఛానెళ్లదే పైచేయి. తెలుగు ఇంటికి దూరదర్శన్ వారి సప్తగిరి, యాదగిరి వంటివి ఉన్నా, వినోదం కోసం చూసే ఇంటికి తెలుగు వాటా చాలదు. చదువుకునే పిల్లలున్న ఇంటికి మాత్రం 2017లో ప్రారంభమైన స్వయంప్రభ విద్యా ఛానెళ్లు ఇదే ఉపగ్రహం నుంచి, ఇదే డిష్‌లో రావడం పెద్ద సదుపాయం. రెండోది, బాక్సుతో వచ్చే పుస్తకం. నేను చూసిన వాటిలో తెలుగులో ఉన్నది ఒక్కటీ లేదు. ఏ ఊరికి డిష్ ఏ దిక్కు, ఎంత ఎత్తు అన్న చిన్న పట్టిక, రెండు గీతల అర్థం ఒక్క పేజీలో తెలుగులో వేసి ప్రతి బాక్సుతో ఇస్తే ఎన్నో ఇళ్లలో ఈ డిష్‌లు తుప్పుపట్టకుండా ఉండేవి. ప్రసార భారతి ఇది తప్పక చేయవలసిన పని.

రేడియో వినేవారికి ఈ సేవలో ఉన్న లాభం గురించి ఎవరూ మాట్లాడరు. ఆకాశవాణి తెలుగు సేవతో సహా ఎన్నో రేడియో ఛానెళ్లు ఇదే బాక్సులో, ఏ గరగరా లేకుండా వస్తాయి. రిమోట్‌లో టీవీ, రేడియో అని ఉండే మీట నొక్కితే ఆ జాబితా తెరుచుకుంటుంది. హైదరాబాదు కేంద్రం 738, విజయవాడ కేంద్రం 837 కిలోహెర్ట్జ్ మీద మీడియం వేవ్‌లో వినే మా తరం వారికి ఈమధ్య పెద్ద బాధ రొద. స్టేషన్ బలహీనపడిందని అనుకుంటాము గానీ, చాలాసార్లు ఆ రొద మన ఇంట్లోని చవక ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జర్లు, ఇన్వర్టరు పుట్టిస్తున్నదే. ట్రాన్సిస్టర్‌ను బ్యాటరీల మీద పెట్టి, ఇంటి మెయిన్ ఒక నిమిషం ఆపి వినండి, ఇన్వర్టరును కూడా ఆపి. రొద పోతే కారణం ఇంట్లోనే ఉంది. మెయిన్ వేసి ఒక్కో స్విచ్చి వేసుకుంటూ వెళితే ఏ బల్బో దొరుకుతుంది. పోకపోతే కరెంటు స్తంభమో, పక్కిల్లో. అప్పుడు రేడియోను ఉన్నచోటే మెల్లగా గుండ్రంగా తిప్పి చూడాలి. మీడియం వేవ్‌ను పట్టేది లోపలి ఫెరైట్ కడ్డీ, బయటికి లాగే ఏరియల్ కాదు. ఆ కడ్డీ కొన రొద వైపు తిరిగినప్పుడు రొద బాగా తగ్గుతుంది, స్టేషన్ వేరే దిక్కున ఉంటే మాట స్పష్టంగా మిగులుతుంది. ఈ రెండూ కుదరని ఇళ్లలో, పగలు ఆకాశవాణి వినాలనుకునే పెద్దవాళ్ల కోసమైనా ఒక ఫ్రీ డిష్ బాక్స్ పెట్టించమని చెబుతాను. తెర ఆపే వీలున్న టీవీ అయితే తెర ఆపేసి వినవచ్చు. లేకపోతే బాక్స్ వెనకున్న ఎరుపు, తెలుపు ఆడియో పిన్నుల నుంచి ఏ చిన్న స్పీకరుకైనా తీగ వేసుకోవచ్చు.